ఇరవైనాలుగు బుడగలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ బడిలో జీవశాస్త్రం చెప్పే చంద్రమౌళి మాస్టారికి కొత్తగా వచ్చిన కంప్యూటరంటే భయం. మౌస్ పట్టుకునే ముందు అరచేతిని ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుంటారు. నొక్కాక, ఏం పాడైందోనని ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ రోజు పాఠం ఎలా చెబుతారో చూడ్డానికి వచ్చిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. "వెలుగు పెరిగేకొద్దీ నీటిమొక్క వదిలే బుడగలు పెరుగుతూనే ఉంటాయి" అని మాస్టారు ముందుగా తన ఊహను బోర్డు మీద రాశారు. తర్వాత కంప్యూటర్‌లోని ప్రయోగం తెరిచి, తెరమీది దీపాన్ని తెరమీది మొక్కకు దగ్గరగా జరుపుతూ పోయారు. నిమిషానికి పది బుడగలు, ఇరవై, ఇరవైనాలుగు. ఇంకా జరిపారు. ఇరవైనాలుగే. మళ్లీ మొదటినుంచి చేసినా అంతే.

"కంప్యూటర్ ఖరాబైపోనాదేటి మాస్టారూ?" అంది ముందు వరసలోని తనూజ. అవునంటే గండం గడిచిపోయేది. డస్టర్ అందుకున్నారు, ఇన్‌స్పెక్టరు వైపు చూశారు, మళ్లీ కింద పెట్టేశారు. "కాదమ్మా, నేననుకున్నదే తప్పు" అన్నారు. రాసింది చెరపకుండా దాని కిందే 'ఎందుకు ఆగింది?' అని రాశారు. తనూజ చెయ్యెత్తింది. "మొక్కకి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ సాల్లేదేమో మాస్టారూ. పెంచి చూద్దామేటి?" ఆయన కంప్యూటర్ ముందున్న తన కుర్చీ ఆమెకిచ్చారు.