నా కంటే ముందే చేరిన రూపాయి

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మా నస్పూర్‌లో మూతపడ్డ బొగ్గుబాయి దగ్గర ఏదో తిరుగుతోందంటే చిన్నప్పుడు టార్చిలైటు పట్టుకుని చూడబోయినదాన్ని. దయ్యం దొరకలేదు కానీ తేలు కుట్టింది. నర్సింగ్ చదివాక మిగిలిన ఆ కాస్త అనుమానమూ పోయింది. అలాంటి నేను ఇది రాస్తున్నాను.

వాలంటీరుగా పనిచేయడానికి టాంజానియాకు ఎంపికయ్యాను. పల్లెల్లో బాలింతలకు, పసిపిల్లలకు సాయపడే పని. ముందు అక్కడే ఒక చిన్న పట్టణంలో శిక్షణ ఉంటుంది. మా ఇంట్లో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషిని నేనే. మాది చర్చికి పోయే కుటుంబం కాబట్టి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు.

తర్వాత పక్క క్వార్టర్లో రజియా ఖాలాకు చెప్పి రావడానికి వెళ్లాను. ఖాలా అంటే పిన్ని. ఆమె బట్టలు కుడుతుంది. నా స్కూలు యూనిఫారాలన్నీ ఆమె కుట్టినవే. నన్ను కూర్చోబెట్టి, ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, నాలుగు పక్కలా మిషన్ మీద కుట్టేసి, నా కుడి జబ్బకు కట్టింది. దాన్ని ఇమామ్ జామిన్ అంటారు. దూరం పోయేవాళ్లకు కడతారు. క్షేమంగా చేరాక అందులోని డబ్బు పేదవాళ్లకు ఇచ్చేయాలి.

"పోంగనే ఎవలన్న లేనోళ్లకియ్యి బిడ్డా. మరువకు. నువ్వు ఇచ్చేదాంక నాకు ఫికరే" అంది.

ఆ రూపాయిని నేనెరుగుదును. ఖాలా మిషన్ స్క్రూలు దాంతోనే తిప్పేది. తిప్పి తిప్పి ఒక పక్క అంచు అరిగి సాపైపోయింది.

ఇంటికి రాగానే అవ్వ, అంటే మా అమ్మ, మొహం చిట్లించింది. "మనం ప్రార్థన చేసుకున్నం గద, గిదెందుకు?"

"ఉండనియ్యే. పోయే పిల్లకు ఎంతమంది దీవెనుంటే అంత మంచిది" అన్నాడు బాపు.

హైదరాబాదు విమానాశ్రయం దగ్గరికి వచ్చేసరికి ఆ బాపుకే గుబులు పట్టుకుంది. చెకింగ్ మిషన్ కూస్తే నన్నెక్కడ ఆపేస్తారోనని. రోజూ శ్రీరాంపూర్ బాయిలోకి దిగి వచ్చిన మనిషి రూపాయి బిళ్లకు భయపడ్డాడు. తానే నా జబ్బ మీది ముడి విప్పి, గుడ్డ లోపల బిళ్ల ఉన్నదని వేళ్లతో నొక్కి చూసుకుని, పెద్ద బ్యాగులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి నా మెడలో వేశాడు.

ఆ బ్యాగు నాతో రాలేదు. విమానం మారినచోట ఆగిపోయిందన్నారు. పొద్దున దిగి, ఫిర్యాదు రాసిచ్చి, కట్టుబట్టలతో బస్సెక్కాను. శిక్షణ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాండులో నా కోసం రావలసిన మనిషి లేడు. ఫోను పనిచేయలేదు. భాష రాదు. ఒక బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోదాం, ఈ శిక్షణా వద్దు ఏమీ వద్దు అనుకున్నాను. ఆ బస్సు బయల్దేరడానికి హారన్ కొడుతోంది. నేను లేచి నిలబడ్డాను.

అప్పుడు పల్లీలు అమ్మే ఒక ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది, పొద్దుటి నుంచి నా కోసమే చూస్తున్నట్టు. గుప్పిట విప్పింది. అందులో రూపాయి బిళ్ల. ఒక పక్క అంచు అరిగి సాపుగా ఉంది.

"అసాంతే, అసాంతే" అంటోంది. అంటే కృతజ్ఞతలని. నేను నేర్చుకుని వెళ్లిన నాలుగు మాటల్లో అదొకటి. బిళ్లను చూపించి, నన్ను చూపించి, నా కుడి జబ్బ మీద ఖాలా గుడ్డ కట్టిన చోటే వేలు పెట్టింది. ఈలోపు బస్సు వెళ్లిపోయింది.

నన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. బుట్ట అడుగున మిగిలిన పల్లీలు పొట్లం కట్టి ఇచ్చింది. బండి చెడి ఆలస్యమైందంటూ శిక్షణ కేంద్రం డ్రైవరు వచ్చేదాకా నా పక్కనుంచి కదలలేదు. అతనికి ఇంగ్లిషు వచ్చు. ఈ బిళ్ల ఎక్కడిదో అడగమన్నాను. అడిగి, నావైపు వింతగా చూశాడు. పొద్దున ఇదే బల్ల దగ్గర నేనే జబ్బకున్న గుడ్డలోంచి తీసి ఇచ్చానట. మళ్లీ వస్తాను, ఉండమని సైగ చేశానట. అప్పటిదాకా బోణీ కాని బుట్టకు ఆ తర్వాత బేరాలు ఆగలేదట.

ఆ పొద్దున నేను విమానాశ్రయంలో బ్యాగు కోసం వరుసలో నిలబడి ఉన్నాను.

మన దేశం మనిషే ఎవరో ఇచ్చి ఉంటారని, ఈమె పొరబడిందని సర్దిచెప్పుకున్నాను. కొన్నాళ్లకు బ్యాగు వచ్చింది. తాళం వేసినట్టే ఉంది. ఆకుపచ్చ గుడ్డ బాపు పెట్టిన చోటే ఉంది. కుట్టు ఎక్కడా తెగలేదు, ఒక్క పోగు ఊడలేదు. నొక్కితే మెత్తగా తగిలింది. కత్తెరతో విప్పి చూశాను. లోపల ఏమీ లేదు.

ఇంటికి ఫోన్ చేసి ఖాలాకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "తీసుకున్నామె తిన్నదా?" అని మాత్రం అడిగింది.

"తిన్నది ఖాలా. నాకూ పెట్టింది."

"మంచిగయింది. ఇగ నా ఫికర్ పోయింది."

శిక్షణ పూర్తయింది. ఆ దేశంలో నా చేతుల్లో మొదటి బిడ్డ పుట్టిన రోజు, ఆ బస్సు ఎక్కి ఉంటే ఇది ఉండేది కాదు కదా అని దేవుడికి, ఖాలాకు, ఆ ముసలామెకు కలిపి దండం పెట్టుకున్నాను. బస్టాండు వైపు వెళ్తే ఆమె ఇప్పటికీ పల్లీలు పెడుతుంది, డబ్బులు ముట్టదు. ఆ బిళ్ల నేను తిరిగి అడగలేదు. ఇచ్చేసింది ఇచ్చేసిందే. ఎప్పుడిచ్చానో, ఎలా ఇచ్చానో మాత్రం ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మొన్న సెలవుకు వచ్చాను. ఖాలా రెండు రూపాయల బిళ్లతో స్క్రూ తిప్పుతూ "గిది జారుతుంది బిడ్డా, గా రూపాయి తీరు కాదు" అని నవ్వింది. తిరుగు ప్రయాణానికి మళ్లీ కట్టింది. విమానాశ్రయం బయట, పోయినసారిలాగే చెకింగ్‌కు ముందు విప్పేద్దామని ముడి మీద చెయ్యి వేశాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇప్పకు బిడ్డా. కూస్తే కూయనియ్."