చాడీలు చెల్లని ఇల్లు

జస్టిస్ సుదర్శనం గారింట్లో ఒకరి మీద ఇంకొకరు చాడీ చెప్పడానికి వీల్లేదు. నోరు జారామా, అయిపోయినట్టే! ఆయన కళ్ళజోడు సవరించుకుని, "అవతలివాళ్ళు యాడ?" అంటారు. మనం నీళ్ళు నమిలేలోపు సెల్‌ఫోను తీసి, ఎవర్ని తిట్టామో వాళ్ళకే చేసి, స్పీకరు పెట్టేస్తారు.

హైకోర్టులో ఉన్నప్పుడూ ఇదే జబ్బట. ప్లీడర్లు పరుగెత్తుకొచ్చి, "స్టే ఇవ్వండి సార్, మా క్లయింటు కొంప మునుగుతోంది" అని మొత్తుకుంటే, "అవతలివాళ్ళనూ పిలువు, ఎవరి కొంప మునుగుతోందో చూద్దాం" అనేవారట. అవతలివాళ్ళకు నోటీసు పంపందే కదలరని, నోటీసు సుదర్శనం అని పేరు పడిపోయింది. రిటైరై తిరుపతిలో మా పక్కింట్లో దిగాక కోర్టు పోయింది గానీ జబ్బు పోలేదు.

ఒకసారి నా ఖర్మ కాలి, "చెంగయ్య పాలల్లో నీళ్ళు ఎక్కువైనాయి సార్" అన్నాను. వెంటనే చెంగయ్యకు ఫోను!

"ఎవురు సార్ ఆ మాట అనింది?"

"మా పక్కింటి నారాయణగారు. ఈడనే ఉండారు, చెప్పు."

"ఓహో! అయితే రేపట్నుంచి ఆయనకు నీళ్ళు గూడా పొయ్యనులే సార్."

చాన్నాళ్ళు మా ఇంట్లో పాలు లేని కాఫీయే తాగాం.

"ఈయన్ని కట్టుకున్నాక నేను ఎవుర్నీ మనసారా తిట్టుకునిందే లేదన్నా" అని ఆయన భార్య వకుళాదేవి గారు వాపోయేవారు. "మా వదినను ఒక్క మాటంటే ఆమెకే ఫోను చేసినాడు. మా అన్న ఈ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో!" నేను పడీ పడీ నవ్వేవాణ్ణి, వ్యవహారం నా కూతురి దాకా రానంతవరకు.

మా శ్రీకరి శ్రీహరికోటలో ఇంజనీరు. చిత్తూరులో లెక్చరరుగా ఉన్న పరాశర్‌తో సంబంధం కుదిరింది. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, తాంబూలాలు మార్చుకోవడమే మిగిలింది. నన్ను మాత్రం ఒక భయం తినేస్తోంది. అంతకుముందు ఒక సంబంధం నిశ్చితార్థమయ్యాక చెడిపోయింది. ఆ సంగతి చిత్తూరు వాళ్ళకు చెప్పలేదు. తెలిసి ఈ సంబంధమూ తప్పిపోతే, ఇప్పుడిప్పుడే నవ్వుతున్న పిల్ల మొహం నేను చూడలేను.

తాంబూలాలకు ముందు పక్కిళ్ళలో గుట్టుగా వాకబు చేయడం మా వైపు మామూలే. ఆదివారం పొద్దున నేను జడ్జిగారి వంటింట్లో వాళ్ళ పాడైన మిక్సీ బాగుచేద్దామని విప్పుకుని కూర్చునుంటే, ముందు గదిలోకి ఒక పెద్దమనిషి వచ్చాడు.

"నా పేరు తిరువేంగడం సార్. చిత్తూరు పరాశర్‌కు మేనమామను. మీ పక్కింటి పిల్ల సంగతి కనుక్కుందామని వచ్చినాను. ముందు ఒక నిశ్చితార్థమై చెడిందంట గదా? పిల్లలోనే ఏదైనా లోపముండాదేమోనని..."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"అవతలివాళ్ళు యాడ?" అన్నారు జడ్జిగారు.

"అయ్యయ్యో, వద్దు సార్! గుట్టుగా అడగాలని వచ్చినాను!"

అప్పటికే అవతల రింగవుతోంది. పరిగెత్తి ఫోను లాక్కుందామని లేచాను. వకుళాదేవి గారు నా చొక్కా పట్టి లాగి, "కదలొద్దన్నా, మిమ్మల్ని గూడా బోనెక్కిస్తాడు" అని గుసగుసలాడారు.

"చెప్పండి జడ్జి మామా" అంది నా కూతురు.

"నీ మీద ఫిర్యాదు వచ్చింది తల్లీ. పరాశర్ మేనమామ నా ఎదురుగానే చెమటలు కక్కతా ఉండాడు." అని, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పేశారు మహానుభావుడు! ఏడుకొండలవాడా, నీదే భారం అని కళ్ళు మూసుకున్నాను.

"నిజమే మామా." అంది శ్రీకరి. "చెడగొట్టింది నేనే. పెళ్ళయినాక ఉద్యోగం మానెయ్యమన్నారు. రాకెట్టు పైకి పొయ్యేటప్పుడు నేను ఈడ ఉండాల, మీ వంటింట్లో కాదు అని చెప్పేసినాను. నాయన ఎవురికీ చెప్పొద్దన్నాడు గానీ, పరాశర్‌కు మొదటిరోజే చెప్పినాను. కావాలంటే ఆయన్నీ లైన్లోకి తీసుకోండి."

తీసుకోకుండా ఉంటారా!

"నాకు తెలుసు మామా" అన్నాడు పరాశర్, తన మేనమామతో. "తెలిసినాకనే ఆ పిల్ల ఇంకా నచ్చింది. నిన్ను ఆడికి ఎవురు పొమ్మన్నారు?"

తిరువేంగడం గారు గొంతు సవరించుకున్నారు. "తప్పయిపోయింది తల్లీ. తాంబూలాలకు అందరికన్నా ముందు నేనే వస్తా."

నేను మిక్సీ జారును కావలించుకున్నాను. ఆయన స్పీకరు పెట్టకపోయుంటే, నా బిడ్డ లేనిచోట నా బిడ్డ తలరాత తేలిపోయుండేది. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వానే అనిపించింది.

అంతటితో వదిలితే సుదర్శనం గారెందుకవుతారు? "ఉండండి. ఇదంతా మీకు చెప్పిందెవురు? వాళ్ళ మాటా వినాల గదా" అన్నారు.

"మా అక్కకు, అంటే పరాశర్ అమ్మకు, గుళ్ళో ఎవరో ఒకావిడ, నిశ్చితార్థం చెడిందని అనిందంట సార్. లోపమనేది మా అక్క అనుమానం. ఆవిడ పేరు తెలీదు, మా అక్క తీసుకున్న నంబరుండాది. రాసుకోండి, తొమ్మిది, నాలుగు, నాలుగు, సున్నా..."

వకుళాదేవి గారి మొహం పాలిపోయింది. గట్టు మీదున్న తన ఫోను గభాలున తీసి, మోగకుండా దాని నోరు నొక్కడం చేతగాక బియ్యం డబ్బాలో దూర్చేశారు. "మాటల్లో నోరు జారినానన్నా. చెడుగా అన్లేదు" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. నాకు కోపం రాలేదని చెప్పను. భగ్గుమంది.

ముందు గదిలో అంకెలు సగంలో ఉండగా, "చాలు" అన్నారు జడ్జిగారు.

"ఇంకా ఉండాయి సార్..."

"అక్కరలేదు. కూర్చోండి, కాఫీ తాగి పోదురు."

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నన్ను చూశారు. మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టుకున్న భార్యను చూశారు. ఆమెను ఒక్క మాటా అడగలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "నారాయణగారూ, మీకేమైనా ఫిర్యాదు ఉండాదా?" అన్నారు మెల్లగా.

ఆయన మొహంలోకి చూశాను. ఆ గొంతులో జడ్జి లేడు, మొగుడున్నాడు.

"ఉండాది సార్" అన్నాను. వకుళాదేవి గారు తల దించుకున్నారు. "ఇంతసేపటి నుంచి ఈడ కూర్చుంటే, చెల్లెమ్మ నాకు ఒక్క కాఫీ అయినా ఇవ్వలేదు."

ఆమె బియ్యంలోంచి చెయ్యి తీసి, ఏడుస్తూనే నవ్వేసి, పొయ్యి వెలిగించారు.