ఏ చేతిలో ఏ బిళ్ళ

ఏథెన్సులో ఏ గోడ ఎప్పుడు కూలిందో, ఏ ఓడల దండు ఎక్కడ మునిగిందో రాసిపెట్టినవారున్నారు. మా వీధి కమ్మరి స్మిక్రియాస్ ఆలివు కాయను రెండు కొసలూ వేళ్ళతో మూసిపట్టి తినడం ఎప్పుడు మొదలుపెట్టాడో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చే భారం నా మీద పడింది. మొదలుపెట్టింది థెల్లస్ మీద తీర్పు వచ్చిన సాయంత్రం.

థెల్లస్ మా వీధిలోనే చెప్పులు కుట్టేవాడు. గుళ్ళో వెండిగిన్నె కాజేశాడని నేరం. రుజువైతే మరణమే. మా ఊళ్ళో ఆ మాట చెప్పేది రాజు కాదు. వంతు పడి కూర్చున్న కమ్మరులూ, చేపలమ్మేవాళ్ళూ.

వాదనలయ్యాక మనిషికి రెండు కంచు బిళ్ళలిస్తారు. ఒక్కోదాని నడుమ గుచ్చినట్టు పొట్టి ఇరుసు ఉంటుంది. ఒకదానిది బోలు: దోషి. రెండోదానిది నిండు: నిర్దోషి. ఇరుసు కొసలు వేళ్ళతో మూసి, మనసైనదాన్ని కంచు కుండలో, మిగిలినదాన్ని కర్ర కుండలో వెయ్యాలి. లెక్కకొచ్చేది కంచు కుండ. ఎవరేది వేశారో పక్కవాడికి తెలియకూడదు. తెలిస్తే పేదవాడు మనసు విప్పలేడు. ఈ నియమమంటే స్మిక్రియాస్‌కు ప్రాణం. దేవతను ఊరేగిస్తున్నంత భక్తిగా నడిచేవాడు ఆ పిడికిళ్ళతో.

ఆనాడు నిండుదే వెయ్యాలనుకున్నాడు. వరుసలో పైబట్ట జారింది. బిళ్ళలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, బట్ట సర్దుకుని, మళ్ళీ రెండు చేతుల్లోకి పంచుకున్నాడు. కుండ ముందు నిలబడ్డాక, ఏ చేతిలో ఏది ఉందో తెలియలేదు. తడిమితే తెలిసేదే, కానీ నిప్పు తిన్న వేళ్ళకు స్పర్శ లేదు. తెరిచి చూస్తే నియమం పోతుంది.

"ఏమయ్యా, పొదుగుతున్నావా? వెయ్యి!" అన్నారు వెనకనుంచి.

వేశాడు. థెల్లస్ ఒక్క బిళ్ళ తేడాతో చచ్చాడు.

అప్పటినుంచి థెల్లస్ కొలిమి పక్కన వచ్చి కూర్చునేవాడట. ఏమీ అడగడట. కొలత తీసుకోవడానికి వచ్చినట్టు స్మిక్రియాస్ పాదాలవంకే చూసేవాడట.

కొన్నాళ్ళకు థెల్లస్ భార్య మెలిన్నా కొలిమి దగ్గరకొచ్చింది.

"అన్నా, సమాధి దగ్గర నలుగురికీ పెడుతున్నాను. ఆయన్ని చంపిన చేతికి నా రొట్టె ఇవ్వను. నువ్వేది వేశావు?"

"చెప్పకూడదమ్మా. నియమం."

"నాకా నియమాలు చెప్తున్నావు! ఈ వీధిలో తీర్పుకు కూర్చున్న ప్రతివాడూ నిండుదే వేశానని ఒట్టేశాడు. అందరూ నిండుదే వేస్తే మా ఆయన్ని చంపిందెవరు, పావురాలా?"

స్మిక్రియాస్ సుత్తి కింద పెట్టాడు. "నాకు తెలియదమ్మా."

"ఎవరు చంపారో తెలియదా?"

"నేనేది వేశానో తెలియదు."

"అబద్ధమైనా చేతకాదేం నీకు? చక్కగా రొట్టె తినిపోయేవాడివి" అని వెళ్ళిపోయింది.

స్మిక్రియాస్ ఒక నిశ్చయానికొచ్చాడు. చావు శిక్ష పడే నేరం మోస్తున్న మనిషినొకణ్ణి, బిళ్ళను అందరిముందూ కళ్ళారా చూసుకుని మరీ విడిపిస్తే థెల్లస్ లేచి వెళ్ళిపోతాడని. అలాంటి విచారణ ఉన్న రోజున చీకటితోనే స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టి, న్యాయస్థానం గుమ్మం దగ్గర అందరికన్నా ముందు నిలబడ్డాడు. పేరు చెక్కిన రేకును, ఆ రోజు తీర్పుకు ఎవరు కూర్చోవాలో తేల్చే రాతిపలక మీద వరుసలుగా ఉన్న గాట్లలో ఒకదానిలో గుచ్చాడు. పలక పక్కనున్న గొట్టంలోంచి, వరుసకొకటి చొప్పున, గోళీలు ఒక్కొక్కటే దొర్లాయి. తెల్లది పడిన వరుస లోపలికి, నల్లది పడిన వరుస ఇంటికి.

అతని వరుసకు నల్లది పడింది.