కత్తెరమ్మ కోసిన గౌన్లు

ఆ కుట్టు షాపులో ఆమెను కత్తెరమ్మ అనే పిలుస్తారు. పొడవాటి బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, పైన నమూనా అట్ట పెట్టి, సుద్దతో చుట్టూ గీసి, కటింగ్ మిషన్‌తో ఒక్క ఊపులో అన్ని పొరలూ కోసేది ఆమే. మిషన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళంతా ఆమె కోసిచ్చిందే కుట్టాలి. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కోత తప్పితే ఇక అంతే సంగతులు. అందుకే కోత నడుస్తున్నంతసేపూ ఆమెను పలకరించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అలాంటి మనిషిని పిడికెడంత పిల్ల ముప్పుతిప్పలు పెట్టింది.

పుట్టిన కొత్తలో ఆ పిల్ల రొమ్ము పట్టలేదు. పట్టినా అంతలోనే జారిపోయేది. చనుమొనలు పగిలి, పిల్ల నోరు తెరిచిందంటే చాలు, కత్తెరమ్మ గుండెల్లో రాయి పడేది. పళ్ళు బిగబట్టి, దుప్పటి అంచు పిడికిట్లో నలుపుతూ పాలిచ్చేది. "తల్లవడం వరమని ఒక్కొక్కరూ ఎంత చెప్పారు! ఇంత నొప్పని ఒక్కరైనా చెప్పారా?" అని ఒకరోజు బావురుమంది. అత్తయ్య పక్కనే కూర్చుని పిల్ల గడ్డాన్ని వేలితో కిందికి నొక్కింది.

"మొన ఒక్కటే కాదమ్మా, చుట్టూ ఉన్న నలుపంతా నోట్లోకి పోవాలి. ఇంకాస్త దగ్గరికి పట్టుకో. దానికీ కొత్తే, నీకూ కొత్తే. ఇద్దరూ నేర్చుకుంటారులే."

నేర్చుకున్నారు. ఒక సాయంత్రం నొప్పి లేకుండా, గుటక గుటకకీ చప్పుడు వినిపిస్తూ పిల్ల తాగింది. తాగి తాగి, మూతి పక్కన పాలు కారుతుండగా కళ్ళు మూసుకుంది. కత్తెరమ్మ కదిలితే ఒట్టు. కాలు తిమ్మిరెక్కినా అలాగే కూర్చుంది. అంత సంతోషం తన ఒంట్లో ఎక్కడ పట్టిందో ఆమెకే తెలియలేదు.

తిరిగి పనిలో చేరాక ఇంకో రకం తిప్పలు మొదలయ్యాయి. మధ్యాహ్నమయ్యేసరికి రొమ్ములు రాళ్ళలా గట్టిపడేవి. ఎక్కడో వీధిలో ఎవరి బిడ్డో ఏడిస్తే ఇక్కడ ఈమె జాకెట్టు తడిసేది. సీసా పాలు పిల్ల మూతికి తగిలిస్తే ఉమ్మేసేది. షాపు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. మనిషి ముక్కోపి. ఆయన దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం అత్తయ్య పిల్లని తీసుకొస్తుందని, కాసేపు పాలిచ్చి పంపేస్తానని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "రానీ. కానీ పని చెడిందంటే మాత్రం ఆ రోజుతో బంద్" అన్నాడు.

కాజాలు కుట్టే పెద్దావిడ, అందరూ కాజాలక్క అంటారు, బట్ట తానుల వెనక మూలలో ఒక పాత తెర కట్టింది. కత్తెరమ్మ షాపులో చీరకి బదులు వేసుకోవడానికి కుట్టుకున్న గౌన్లకి ఒక ఉపాయం కనిపెట్టింది. రొమ్ము మీదుగా అడ్డంగా ఒక మడత, ఆ మడత చాటున రెండు వైపులా రెండు చీలికలు. పైకి చూస్తే ఫ్యాషన్ కోసం పెట్టిన మడతే అనుకుంటారు. దానికి అట్ట కూడా కోసి, గోడకి మిగతా అట్టల పక్కనే తగిలించింది. ఇదిగో, కథంతా అక్కడే ఉంది.

పిల్లకి నడక వచ్చింది. నడక కంటే ముందు నోరు వచ్చింది. ఏడాదిన్నరకి గుమ్మంలో కాలు పెడుతూనే "అమ్మా! పాలూ!" అని వీధంతా వినపడేలా అరిచేది. అందుకే షాపువాళ్ళు దానికి టముకు అని పేరు పెట్టారు. కడుపు నిండాక తెర వెనక నుంచి వచ్చి రాజ్యం ఏలేది. దారపు కండెలు దొర్లించేది, సుద్దముక్క నాకేది, పెద్దాయన చెప్పులు వేసుకుని తిరిగేది. నేల మీద పిన్నులు ఎక్కడ గుచ్చుకుంటాయోనని కాజాలక్క ఒక అయస్కాంతానికి తాడు కట్టింది. మధ్యాహ్నం కాబోతుండగా ఎవరో ఒకరు లేచి, చెప్పకుండానే, ఆ అయస్కాంతాన్ని నేలంతా ఈడ్చేవాళ్ళు. కత్తెరమ్మ బల్ల దగ్గర నుంచి అది చూసి తల వంచుకునేది. నోరు తెరిచి థాంక్స్ చెబితే ఏడుపొస్తుందని ఆమె భయం.

"ఇంకా ఎన్నాళ్ళే పాలివ్వడం? చేదు రాస్తే అదే మానేస్తుంది" అని అత్తయ్య సణుగుతూనే ఉండేది. ఒకసారి తనే ఏదో చేదు నూరి రాయించింది. టముకు నాలుక పెట్టి చూసి, మొహం వంకరలు పెట్టి, అమ్మ చీర కొంగుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ పని మొదలుపెట్టింది. అత్తయ్య పడీ పడీ నవ్వింది. "నా వల్ల కాదమ్మా. మీ తల్లీకూతుళ్ళు ఎప్పుడు మానుకుంటే అప్పుడే" అని చేతులెత్తేసింది.

అంతలో ఆస్పత్రిలో వార్డులు శుభ్రం చేసే ఆడవాళ్ళకి గౌన్లు కుట్టే ఆర్డర్ వచ్చింది. షాపుకి అంత పెద్దది ఎన్నడూ రాలేదు. సరిగ్గా అప్పుడే టముకుకి దవడ పళ్ళు రాసాగాయి. ఏడుపు, జ్వరం, ఒళ్ళోంచి దించితే కేకలు. కునుకు లేని కళ్ళతో కత్తెరమ్మ పనికి వచ్చింది. గోడ మీదికి చెయ్యి చాచి అట్ట తీసింది, గీసింది, కోసింది. కోత నున్నగా, తేలిగ్గా సాగిపోయింది.

కాసేపటికి కాజాలక్క చీలికలు పడ్డ గౌను ముందుభాగం ముక్కలు రెండు పట్టుకుని వచ్చింది.

"ఏమే, ఆ ఆస్పత్రిలో ఊడ్చేవాళ్ళంతా బాలింతలేనా?"

కత్తెరమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీది అట్ట వైపు చూసింది. తన గౌను అట్ట పెట్టి కోసింది. ఒకటి కాదు, పరిచిన దొంతరంతా. ఆ రంగు బట్ట ఇంకో తాను లేదు, మళ్ళీ తెప్పించే వ్యవధీ లేదు. పని చెడింది. చెడితే బంద్ అన్న మాట పెద్దాయనది. ఆమె మూలకి వెళ్ళి తెర ముడి విప్పబోయింది. రేపటి నుంచి మధ్యాహ్నం పిల్ల ఏం చేస్తుంది? గుమ్మం వైపు చూసి చూసి ఏడుస్తుందా? ముడి సగం వదులయ్యాక ఆమె చెయ్యి తీసేసింది.

మిషన్లన్నీ ఆగిపోయాయి. పెద్దాయన వచ్చి ముక్కల్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆయన మొహం ఎర్రబడుతోంది. నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి "అమ్మా! పాలూ!" అని వినిపించింది.

పెద్దాయన నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాడు. "ముందు వెళ్ళి పాలివ్వు. తరవాత తిడతాను" అన్నాడు.

తెర వెనక పిల్ల ఎంత లాగినా పాలు దిగలేదు. భయానికి తల్లి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. టముకు ఒకసారి వదిలి, తల్లి మొహంలోకి చూసి, పళ్ళొచ్చిన దవడ నొప్పిని కూడా మరిచిపోయి, అత్తయ్య తనని జోకొట్టినట్టే తల్లి రొమ్ము మీద అరచేత్తో తట్టింది. "జో, జో" అంది. కత్తెరమ్మకి కన్నీళ్ళూ పాలూ ఒకేసారి వచ్చాయి.

బయటికి వచ్చేసరికి కాజాలక్క ఒక గౌను కుట్టి బల్ల మీద పెట్టింది. మడత మడతలాగే ఉంది, చాటున చీలికలు మూసి టాకాలు వేసింది. మిషన్ కుట్టు వేస్తే బట్ట ముడుచుకుంటుందట, చేత్తోనే వేయాలట. పెద్దాయన అన్న మాట ప్రకారం తిట్టాడు. తనివితీరా, పేరు పేరునా తిట్టాడు, మధ్యలో కాజాలక్క మంచినీళ్ళు అందిస్తే తాగి మళ్ళీ తిట్టాడు. చివరికి మూల వైపు చూసి, "ఆ తెర ముడి ఎవరు వదులు చేశారు? పిల్ల మీద పడుతుంది, గట్టిగా కట్టండి" అని కోపంగా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆడవాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళకుండా కూర్చుని టాకాలు వేశారు. కత్తెరమ్మ అందరికంటే గట్టిగా, దగ్గర దగ్గరగా వేసింది. ఆస్పత్రివాళ్ళు మడత బాగుందని కూడా అన్నారట.

తరవాత కొన్నాళ్ళకి టముకు తనంతట తనే పాలు మరిచిపోయింది. ఒకరోజు ఆటలో పడి అడగలేదు, మర్నాడూ అడగలేదు. చేదు అక్కర్లేకపోయింది. కత్తెరమ్మ మాత్రం కొన్నాళ్ళు మధ్యాహ్నం కాగానే గుమ్మం వైపు చూసేది.

ఒకరోజు పిల్లకి టీకా వేయించడానికి ఆమె ఆ ఆస్పత్రికే వెళ్ళింది. నడవాలో ఎదురైన గౌనునల్లా వృత్తి బుద్ధి కొద్దీ చూసుకుంటూ పోయింది. టాకాలు ఎక్కడా వదల్లేదు. మెట్ల కింద బకెట్టు పక్కన ఒక పడుచు పిల్ల కూర్చుని ఉంది. వాళ్ళమ్మ కాబోలు, పక్కనే సంచీ పట్టుకుని నిలబడింది. గౌను మడత ఎత్తి ఉంది, ఎడమ చీలికలో పసివాడి తల దాగి ఉంది.

"పాలూ!" అని టముకు నడవా అంతా మోగేలా అరిచింది.

ఆ పడుచు ఉలిక్కిపడి మడత లాక్కోబోయింది. "కూర్చో తల్లీ, కంగారు పడకు" అంది కత్తెరమ్మ.

"ఇది లోపల కుట్టేసి ఉందండి. దారాలు తెంపి చూస్తే ఇలా ఉంది. ఎవరు పెట్టారో గానీ చల్లగా ఉండాలి" అంది ఆ పడుచు. "కుడివైపుదే రావట్లేదు. ఎవరో మరీ గట్టిగా కుట్టారు. అటువైపు గట్టిపడి సలుపుతోంది."

కత్తెరమ్మ ఆమె పక్కన చతికిలబడింది. తన సంచీలోంచి చిన్న కత్తెర తీసి, మడత ఎత్తి, తను వేసిన టాకాల్ని ఒక్కొక్కటిగా తెంపింది. ఈసారి తెలిసే కోసింది.