మేస్త్రీ లేని శిల్పశాలలో ఒక పూట

నంద్యాలలో మా వీధి ఆంజనేయస్వామి గుడిలో ప్రతి శనివారం అన్నదానం జరుగుతుంది. వంట మేము పదిమంది ఆడవాళ్లం చేస్తాం. ఏ పొయ్యి మీద ఏది పెట్టాలో, పప్పులో ఉప్పు ఎంత వేయాలో, వడ్డన ఎప్పుడు మొదలుపెట్టాలో ఇన్నేళ్లూ నేనే చెబుతూ వచ్చాను. ఇప్పుడు నాకు మోకాలి ఆపరేషన్ చేయాలన్నారు. మూడు నెలల పాటు పొయ్యి దగ్గర నిలబడకూడదట. ఆ మాట వినగానే గుడి పెద్ద, వంట కాంట్రాక్టుకు ఇచ్చేద్దామన్నారు. ఒకసారి ఇస్తే ఆ సేవ మళ్లీ మా చేతికి రాదు. నా బదులు పెద్దగా ఉండమంటే మా వాళ్లలో ఎవరూ ముందుకు రాలేదు. అసలు పెద్ద అనే మనిషి లేకుండా జట్టు నడుస్తుందా అని ఆలోచిస్తుంటే, ఆళ్లగడ్డలో ఉండే మా మరిది ఒక శిల్పశాల సంగతి చెప్పాడు. అక్కడ ఐదుగురు శిల్పులు కలిసి పని చేస్తారు, మేస్త్రీ లేడు. వచ్చే శనివారం దాకా ఆగమని గుడి పెద్దను అడిగి, చూసి నేర్చుకుందామని బుధవారం బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు నంద్యాల ఆర్టీసీ బస్టాండులో కడప వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు ఇచ్చాడు. ఎడమ వైపు కూర్చుంటే దారంతా నల్లమల కొండలు కనిపిస్తాయి. శిరివెళ్ల దాటేసరికి ఎండ వచ్చింది, నా విష్ణు సహస్రనామ పారాయణం కూడా పూర్తయింది. గంట పైన కొంచెం పట్టింది ప్రయాణం. ఆళ్లగడ్డ బస్టాండు బయట ఆటోకు ఇరవై రూపాయలు. శిల్పాల దగ్గరికి అనగానే, దేవుణ్ణి చేయించుకోనీకి వచ్చినావా అని అడిగాడు డ్రైవరు. కాదు నాయనా, మనుషుల్ని చూడడానికి అన్నాను. “శిల్పాలకాడికి మనుషుల్ని సూడనీకి పొయ్యేటోళ్లను ఇప్పుడే సూస్తాండా,” అని నవ్వాడు.

రేకుల షెడ్డు ముందు ద్వారపాలకుడి విగ్రహం పడుకోబెట్టి ఉంది. ఒక వైపు చెక్కడం అయిపోయింది, రెండో వైపుకు తిప్పాలి. ఐదుగురిలో పెద్దవాడు ఓబులేసు, అరవై దాటి ఉంటాయి. నేను వచ్చిన పని చెప్పి, మీలో ఎవరి మాట నడుస్తుందన్నా అని అడిగాను. ఆయన ఉలికి పదును పెట్టడం ఆపలేదు.

“ఏ పనికమ్మా? గీతలు గీసేటప్పుడు ఆ మూలనున్న ఆయప్పది. విగ్రహానికి కండ్లు తెరిసేటప్పుడు నాది. బండ కదిలేటప్పుడు మాత్రం, దాని కింద ఎవని చెయ్యి ఉంటే వానిదే.”

ఆ రోజు బండ కింద చెయ్యి మద్దిలేటిది. ముప్పై ఏళ్ల సన్నటి మనిషి. నలుగురు గడ్డపారలతో విగ్రహాన్ని ఒక పక్క కొద్దికొద్దిగా లేపుతుంటే, ఆ సందులోకి చెక్క దిమ్మెలు జరపడం అతని పని. అతను “లేపు” అంటేనే లేపుతున్నారు. ఓబులేసు కూడా గడ్డపార పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాడు. నేను నిలబడ్డ చోటు నుంచి చూస్తే విగ్రహం తల మద్దిలేటి మీదికి వాలుతున్నట్టు కనిపించింది. నాకు తెలియకుండానే ఆపండి అని అరిచాను.

నలుగురూ ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. మద్దిలేటి చెయ్యి వెనక్కి తీసుకుని, ఏం కనపడిందమ్మా అని అడిగాడు. ఏమీ లేదు నాయనా, పడుతుందేమోనని భయమేసింది అన్నాను. ఎవరూ విసుక్కోలేదు. అతను చుట్టూ తిరిగి దిమ్మెలన్నీ చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. “ఇంత మెల్లగ మాట్లాడతావు, ఆ అరుపు యాడ దాచిపెట్టుకున్నావమ్మా,” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ లేపారు. కాసేపటికి విగ్రహం రెండో వైపుకు తిరిగింది.

తర్వాత టీ తాగుతూ ఓబులేసు చెప్పాడు. “లేపమనేది ఒక్కడే. ఆపమనేది ఎవరైనా అనొచ్చు, దావన పొయ్యేటోళ్లైనా సరే. ఆపినోళ్లను తిట్టినామనుకో, రేపు నిజంగా పడేటప్పుడు నోరు తెరవరు.”

“ఊరికే ఆపితే పని చెడదా అన్నా?”

“మళ్లీ లేపుతాం.”

మధ్యాహ్నం బస్టాండు దగ్గర హోటల్లో వంద రూపాయలకు భోజనం చేసి, రెండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను.

శుక్రవారం సాయంత్రం మా వాళ్లను గుడి మెట్ల మీద కూర్చోబెట్టి ఈ పద్ధతి చెప్పాను. ఏ గుండిగ ఎవరి చేతిలో ఉంటే అక్కడ వాళ్ల మాటే. ఆపడానికి మాత్రం ఎవరైనా సరే. మాలో తక్కువ మాట్లాడే పద్మావతి, “నిన్ను గూడా ఆపొచ్చా అక్కా?” అని అడిగింది. ఆపొచ్చన్నాను.

శనివారం నేను వంటశాల గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. గుడి పెద్ద కూడా వచ్చి నిలబడ్డారు. అన్నం గుండిగ దించి గంజి వార్చాలి. ఆ పని నాగమ్మది. నలుగురు పట్టుకుని దించుతుంటే అలవాటు కొద్దీ నేను, కొంచెం ఇటు తిప్పండి అన్నాను. ఇద్దరు నా మాట విని తిప్పబోయారు, ఇద్దరు నాగమ్మ వైపు చూశారు. గుండిగ ఊగింది.

“ఆపండి,” అంది పద్మావతి. గుండిగ కింద పెట్టారు. “అక్కా, గంజి ఒలికితే కాలేది నాగమ్మ కాళ్లు. ఆయమ్మను చెప్పనీ.”

నేను సరేనని తలూపాను. నాగమ్మ చీర కొంగు దోపుకుని, ఎటు వంచాలో తనే చెప్పింది. గంజి చుక్క కూడా బయట పడలేదు. మరి కాంట్రాక్టు సంగతేమిటని గుడి పెద్ద నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాగమ్మ గుండిగ మీద నుంచి తల తిప్పకుండా, “అన్నకు విస్తరేయండి. తిని చెప్తాడు,” అంది. ఆయన తిన్నారు. రెండోసారి పప్పు వేయించుకుని, ఈ మూడు నెలలూ మీరే చేయండి అన్నారు.

నాకు వచ్చే వారమే ఆపరేషన్. భయం లేదు. పెద్దరికం ఒకరి నుంచి తీసి ఇంకొకరికి అప్పజెప్పాలని నేను మనిషి కోసం వెదికాను. ఆ శిల్పులు దాన్ని ఎవరికీ అప్పజెప్పరు. ఒక్క పూటలోనే అది ఐదుగురి దగ్గరికీ వెళ్లివస్తుంది, ఎవరూ దాన్ని ఇంటికి తీసుకుపోరు. మా వాళ్ల మధ్య కూరగాయలు ఏ అంగడిలో కొనాలనే గొడవ ఇంకా తేలలేదు. అది వాళ్లే తేల్చుకుంటారు. స్వామి సేవ ఆగదు, అది చాలు నాకు.

ఆళ్లగడ్డ శిల్పశాలలు చూడాలనుకునేవాళ్లు ఎనిమిది గంటలకల్లా అక్కడ ఉండండి. పెద్ద బండలు ఎండ ముదరకముందే కదిలిస్తారు. ఆలస్యంగా వెళితే ఉలి చప్పుడు వినిపిస్తుంది గానీ, అందరూ కలిసి చేసే పని కనిపించదు.