దీపావళి సెలవుల్లో పడ్డ మరక

మొగుడు ఆ రోజు మిల్లులో ఏ రంగు కలిపాడో బుచ్చవ్వకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి అతను విప్పి పడేసిన బనీను చూస్తే చాలు.

లస్మయ్య సూరత్ పక్కన పల్సానాలో ఒక చీరల ప్రింటింగ్ మిల్లులో రంగులు కలుపుతాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ పని చేసేవాళ్లకు చెమట రంగుగా ఉంటుంది, ఉమ్మి రంగుగా ఉంటుంది, చీదితే ముక్కులోంచి కూడా ఆ పూట కలిపిన రంగే వస్తుంది. జగిత్యాల వైపు పల్లె నుంచి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, మొగుడు నీలంగా ఉమ్మడం చూసి బుచ్చవ్వ హడలిపోయింది. తరవాత తరవాత నవ్వడం నేర్చుకుంది.

కోసాడ్ కాలనీలో మూడో అంతస్తులో వాళ్ల రెండు గదుల ఇల్లు. బాత్రూం గుమ్మంలో పీట వేసుకుని కూర్చుందంటే ఆమె పక్కింటి సారక్కతో కూడా మాట్లాడదు. ఉతకడంలో తనంతటి మనిషి లేదని ఆమెకు కొంచెం గర్వం. ఆ గర్వం ఉత్తదేం కాదు. ఏ రంగు సబ్బుకు లొంగుతుందో, ఏది ఎండలో వెలుస్తుందో, ఏది బట్ట చిరిగేదాకా వదలదో ఆమెకు కొట్టిన పిండి. మొత్తానికి రంగు మరక పలచబడుతుందే గాని ఒక్క ఉతుకుకు పోదు.

కిందటి దసరా ముందు మిల్లులో పెళ్లి చీరలు నడుస్తున్నాయి. అంతా ఎరుపే. లస్మయ్య చేతులు, చెవులు, చెప్పులు ఎరుపు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున అతను దొడ్డికి పోయి వచ్చి, కడుపులోకి కూడా రంగే పోతున్నట్టుందని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం అతని చెడ్డీ మీద ఎర్ర మరక కనిపిస్తే, ఎర్ర రంగు నడుస్తోంది కదా అనుకుని నీళ్లలో ముంచింది. సబ్బు పెట్టకముందే మరక పోయింది. బుచ్చవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిందంతే, పిండి తీగ మీద ఆరేసింది.

దీపావళికి మిల్లు మూతపడింది. ఏటా అంతే, ఇరవై రోజుల దాకా సూరత్‌లో మిల్లులు తెరవరు. లస్మయ్య ఇంట్లో పడుకుని టీవీ చూశాడు, కింద మెట్ల దగ్గర పేకాడాడు, రంగు డబ్బా ముఖం చూడలేదు. అయిదో రోజున బట్టలు నానబెడుతుంటే మళ్లీ ఎర్ర మరక. అప్పుడు బుచ్చవ్వకు తెలిసిపోయింది. తెలిసిపోయిందన్న సంగతి తనకు తానే చెప్పుకోకుండా దాచుకుంది.

ఎందుకు దాచిందంటే భయం, అంతకు మించి కారణం లేదు. ఎదురు బిల్డింగులో పరుశురాం అనే మగ్గం పనివాడికి పెద్ద రోగమని ఆసుపత్రివాళ్లు పేరు పెట్టిన మూడు నెలలకే అతన్ని ఊరికి మోసుకుపోయారు. పేరు పెట్టకపోతే ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో అని ఆమెకు మనసులో ఒక మూల ఉండేది. మూర్ఖత్వమే, కాదనలేం. ఆమె మొగుడికి సబ్జా నీళ్లు కలిపిచ్చింది, కారం తగ్గించింది, వేడి చేసిందని తనకు తాను నచ్చజెప్పుకుంది. మరకలు ఉతుకుతూనే పోయింది.

జూన్‌లో లస్మయ్య రంగు డ్రమ్ము ఎత్తబోయి మిల్లులోనే కళ్లు తిరిగి పడ్డాడు. మిల్లు దగ్గరి క్లినిక్‌లో చూసి, ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందని చెప్పి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ డాక్టరమ్మ నడివయసు మనిషి, గుజరాతీ. పరీక్ష చేసి మొలలున్నాయంది. రక్తం ఎన్నాళ్ల నుంచి పడుతోందని హిందీలో అడిగింది. పదిహేను రోజులని లస్మయ్య ఠక్కున చెప్పాడు. ఆవిడ తలూపి మొలల మందు, రక్తం మందు రాయడం మొదలుపెట్టింది.

బుచ్చవ్వ ఆ పెన్ను వంకే చూస్తోంది. చీటీ పూర్తయితే ఇంటికి పోవచ్చు. ఆ రోగం పేరు ఎవరూ ఎత్తరు. నోరు విప్పితే ఇన్నాళ్లూ తెలిసి ఊరుకుందని మొగుడి ముందే బయటపడుతుంది. విప్పకపోతే ఈ మనిషి పోతాడు. పైట చెంగు చేతిలో నలిపి నలిపి, కూరగాయల బజారులో నేర్చిన హిందీలో నాలుగు ముక్కలు కూడగట్టుకుంది.

"ఆఠ్ మహీనే సే, మేడం. బట్టలు నేనే ఉతుకుత. నాకు ఎరుకే."

ఆఖరి మాటలు తెలుగులోనే వచ్చేశాయి. అయినా డాక్టరమ్మకు ఎనిమిది నెలలన్నది అర్థమైంది. పెన్ను ఆగింది. లస్మయ్య భార్య వైపు చూసి, తల దించుకుని తన గోళ్లలో రంగు చూసుకున్నాడు.

ఎనిమిది నెలలైతే మొలలని సరిపెట్టుకోకూడదంది ఆవిడ. పెద్దపేగంతా కెమెరా గొట్టంతో చూడాలి. దాంతోపాటు కొత్తగా వచ్చిన పద్ధతి ఒకటుంది. నరంలోకి ఒక రంగు మందు ఎక్కించి, లోపల మామూలు వెలుగు ఆపేసి నీలం వెలుగు వేస్తారు. ఆ వెలుగులో మందు ఆకుపచ్చగా మెరుస్తుంది. పాడవుతున్న చోట మరింత మెరుస్తుంది, ఇంకా గడ్డ కట్టకపోయినా, మామూలుగా కంటికి ఆనకపోయినా సరే. అన్నిసార్లూ పట్టుకుంటుందని మాత్రం చెప్పలేనంది. లస్మయ్య ఇంతసేపటికి తల ఎత్తాడు. ఆ రంగు ఒంట్లో ఎన్నాళ్లుంటుంది, ఎట్లా పోతుంది అని అడిగాడు. ఒక రోజులో మూత్రంలో పోతుందంది ఆవిడ. పోయే రంగైతే భయం లేదన్నాడు.

పరీక్షకు ముందురోజంతా పేగు శుభ్రం కావడానికి ఇచ్చిన నీళ్లు తాగుతూ, బాత్రూంకు తిరుగుతూ అతను నానా యాతన పడ్డాడు. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ బుచ్చవ్వను లోపలికి పిలిచి రెండు బొమ్మలు చూపించింది. రెండూ పేగులో ఒకే చోటు. ఒకదాంట్లో గులాబీ రంగు తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో, నీలం వెలుగులో, రూపాయి బిళ్లంత మేర అంచులు కట్టి మెరుస్తోంది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామంది. బుచ్చవ్వ మరకల మనిషి. తాను ఉతికి పోగొట్టాననుకున్నదంతా ఇక్కడ కూర్చుందని ఆమెకు అనిపించింది.

రిపోర్టు రావడానికి వారం పట్టింది. ఆ వారం ఇద్దరూ ఉప్పు, పప్పు, నీళ్ల పంపు గురించి తప్ప మాట్లాడుకోలేదు.

అది క్యాన్సరే. కానీ మొదటి మెట్టులోనే ఉంది, పైపొర దాటినట్టు లేదు, గొట్టంతోనే తీసేయవచ్చు అని చెప్పింది డాక్టరమ్మ. తీసిన ముక్క చూశాకే ఖాయంగా చెప్పగలననీ, తరవాత కూడా మళ్లీ మళ్లీ చూపించుకోవాలనీ అంది. పడ్డ రక్తం చాలావరకు మొలలదే కావచ్చట. అయినా ఈమె ఎనిమిది నెలలని చెప్పకపోతే ఈ పరీక్ష ఇప్పట్లో చేసేదాన్ని కాదంది. తీసేయడానికి గురువారం రమ్మంది.

ఇంటికొచ్చి బుచ్చవ్వ తిన్నగా పీట మీద కూర్చుంది. బకెట్లో బట్టలున్నాయి. రెండు ఉతికి, మూడోది చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. లస్మయ్య వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"దీపావళి సెలవులల్లనే నాకు ఎరుకైంది," అంది తల ఎత్తకుండా. "భయమై చెప్పలె. నీ పానం మీదికి నేనే తెచ్చిన."

లస్మయ్య చెయ్యి చాచి, కారుతున్న కుళాయి కట్టేశాడు.

"నాకు గూడ అప్పుడే ఎరుకైంది," అన్నాడు. "ఇన్నేండ్ల సంది రంగులు కలుపుతున్న. మిల్లు బందున్నప్పుడు రంగెక్కడికెల్లి వస్తదే? నువ్వు సూస్తే బుగులు వడ్తవని, బకెట్ల ఏసే ముందుగాల నల్ల కింద జర పిండేటోన్ని."

ఇన్నాళ్లూ తప్పంతా తనదేనని ఆమె రాత్రుళ్లు నిద్రపోలేదు. ఒకే ఇంట్లో, ఒకే కుళాయి కింద, ఇద్దరూ ఒకే మరకను ఒకరికి తెలియకుండా ఒకరు ఉతికారు. బుచ్చవ్వకు మండిపోయింది. ఆ మంటలోనే ఏడుపూ వచ్చింది. చేతిలో తడి బనీను అతని మీదికి విసిరికొట్టి లేచింది.

"ఇగ సంది నీ బట్టలు నువ్వే ఉతుక్కో."

లస్మయ్య బనీను తీసుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పీట మీదే కూర్చున్నాడు. అడుగున ఉన్న చెడ్డీ తీసి, సబ్బు ఏ వైపు పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పాడు. ఆమె వంటగది దాకా పోయి, ముఖం తుడుచుకుని, మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నీళ్లల్ల ముంచకు," అంది. "ముందు నాకు సూపియ్యి."