డాక్టరు సంతకం కింద ఎవరో రాసిన మూడు వాక్యాలు

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. మా అత్తగారు దిష్టి తీస్తానన్నా విసుక్కునేదాన్ని. ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. నా కోపం ఇంకా చల్లారలేదు, అందుకు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. గోపాలపట్నంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన రమణ పోర్టులో క్రేన్ ఆపరేటరు. పెళ్లయిన ఆరేళ్లకి, సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ ఇచ్చిన మందులతో నెల తప్పాను. మూడో నెల స్కానింగులో ముగ్గురని తేలింది.

"అదృష్టవంతురాలివి, ఒకేసారి ముగ్గురు!" అని నవ్విందావిడ. ప్రమాదమేమైనా ఉందా అని అడిగాను. "అవన్నీ నేను చూసుకుంటాగా. నువ్వు మాత్రలు వేసుకో, చాలు" అంది.

ఏడో నెలలో కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు. తల పగిలిపోయేది. "ముగ్గుర్ని మోస్తూ వాపు రాకూడదంటే ఎలా?" అని డాక్టరమ్మ పంపేసింది. నా కళ్లముందే ఫైలులో రాసి, సంతకం పెట్టి, నా చేతికిచ్చింది. ఆటోలో అది నా ఒళ్లోనే ఉంది. ఇంటికి రాగానే బీరువాలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు పొద్దున్న పదింటికి, మాత్ర ఎన్నిసార్లు వేసుకోవాలో చూద్దామని ఫైలు తీశాను. డాక్టరు రాత నల్ల ఇంకు. ఆ సంతకం కింద నీలం ఇంకుతో, గుండ్రటి తెలుగు అక్షరాలు. "ఇది మామూలు వాపు కాదు. బీపీ చూపించుకో. పిల్లలకి బాక్సులున్న పెద్దాసుపత్రికి ఈ రోజే వెళ్లు."

రమణకి చూపించాను. "ఏటే ఇది? ఎవులు రాసినారు?" అన్నాడు. నాకేం తెలుసు? ఆటో ఎక్కి సీతమ్మధార వెళ్లాం.

డాక్టరమ్మ మండిపడింది. "మీరే రాసుకొచ్చి నన్ను పరీక్షిస్తున్నారా?"

"రాసినోల సంగతి తరవాత సూద్దుం. ముందు బీపీ సూడండి," అన్నాడు రమణ.

"నిన్ననే చూశాను."

చూడలేదు. బీపీ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. రమణ దాని మీద వేలు పెట్టాడు. ఆవిడ ఫైలు మూసేసి, నమ్మకం లేకపోతే ఇంకోచోటికి పొమ్మంది.

పెద్దాసుపత్రిలో బీపీ చూసిన నర్సు మళ్లీ ఒకసారి చూసి, డాక్టరు కోసం పరుగెత్తింది. అప్పటికప్పుడే చేర్చుకున్నారు. ఫిట్స్ రాకుండా మందు ఎక్కించారు. పిల్లల ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడోరోజు ఆపరేషన్ చేశారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ముగ్గురినీ వెచ్చగా ఉంచే అద్దాల బాక్సుల్లో పెట్టారు. పాప అందరికంటే చిన్నది. నాలుగు రోజులే ఉంది.

అక్కడి డాక్టరు నా పక్కన కూర్చుని అన్నాడు. "ముగ్గురుంటే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు, తల్లికి బీపీ పెరగొచ్చు. మూడో నెలలోనే మీకు రెండు దార్లూ చెప్పాల్సింది. ఒక పిండాన్ని తగ్గించి ఇద్దర్ని మోయడం ఒకటి. దాంట్లోనూ ప్రమాదం లేకపోలేదు. లేదా ముగ్గుర్నీ ఉంచుకుని, బాక్సులున్న చోట తరచూ చూపించుకోవడం. ఏది కావాలో మీరు తేల్చుకోవాల్సిన విషయమమ్మా."

ఏది ఎంచుకునేదాన్నో నాకు తెలియదు. బహుశా ముగ్గుర్నీ ఉంచుకునేదాన్నేమో. కానీ నన్ను అడగాలి కదా! నా కడుపు గురించి నాకు చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

కుట్లు మానాక ఫైలు పట్టుకుని ఆ క్లినిక్కుకి వెళ్లాను. డాక్టరమ్మ గదిలోంచి బయటికి రాలేదు. రిసెప్షన్ పిల్లచేత, కాంపౌండరుచేత అవే మూడు వాక్యాలు రాయించాను. ఎవరి రాతా కలవలేదు. అక్కడ ఊడ్చే ఆయాకి చదువే రాదు. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, రమణదీ నాదీ ఆ రాత కాదు. బీరువా తాళం నా మంగళసూత్రానికే ఉండేది.

రాసిందెవరో ఈనాటికీ తెలియదు. వాళ్లవల్లే నేనూ, నా ఇద్దరు కొడుకులూ బతికి ఉన్నాం. దణ్ణం పెట్టాలి, పెడతాను. కానీ పాప గుర్తొచ్చినప్పుడు ఆ రాత మీద కూడా కోపమొస్తుంది. అంత తెలిసినవాళ్లు, ఆ మాటేదో మూడో నెలలోనే ఎందుకు రాయలేదు?